నూకల్లో పడ్డ క్లిప్పు

నిన్నటి సంగతి. గోళ్లలో గ్రీజు ఇంకా పోలేదు, నా కోపం కూడా.

తణుకు దగ్గర ఓ రైస్ మిల్లులో మెయింటెనెన్సు చూస్తాను. నూకల ఎలివేటర్‌ని తిప్పే చైను వారం రోజులుగా కటకటమంటోంది. కొలిచాను. అరంగుళం పిచ్ (పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం) చైను 80 లింకులకి 1016 మిల్లీమీటర్లు ఉండాలి, నాకు 1050 వచ్చింది. చైను సాగిందంటే ఇనుము రబ్బరులా సాగిందని కాదు. లోపల పిన్నూ, దాని చుట్టూ గొట్టంలా ఉండే బుష్షూ ఒరుసుకుని అరిగిపోయి, ఒక్కో లింకూ వెంట్రుకవాసి జరుగుతుంది. మూడు శాతం దాటితే కొత్తది వేయాల్సిందే.

మా మేనేజరు గారికి ఇదే చెప్పాను. ఆయన చదివింది కామర్సు. "ప్యాంటు వదులైతే కొత్తది కుట్టించుకుంటామా? బెల్టుకి ఇంకో కన్నం పెట్టుకుంటాం. రెండు లింకులు తీసి పారెయ్యవయ్యా" అన్నారు. జవాబు నాకు రాత్రి పదకొండింటికి తట్టింది. లింకులు తీస్తే చైను పొట్టిదవుతుంది కానీ పిచ్ తగ్గదు, పళ్లచక్రం పళ్ల మీద ఎక్కి తొక్కుతూనే ఉంటుంది. ఆ వేళప్పుడు వినేవాళ్లెవరు? మా ఆవిడకి చెప్తే అటు తిరిగి పడుకుంది.

పొద్దున్నే మెయిన్ ఆఫ్ చేసి, ఎవరైనా పొరపాటున వేస్తారేమోనని ఫ్యూజులు మూడూ పీకి నా క్యారియర్ సంచిలో పడేసి, ఆయన చెప్పినట్టే రెండు లింకులు తీసే పనిలోకి దిగాను.

చైను రెండు కొసల్నీ కలిపే లింకు మీద ఓ చిన్న క్లిప్పు ఉంటుంది. వేలి కొసంత. చేప ఆకారం. చైను వెళ్లే దిక్కుకే దాని తల ఉండాలి, చీలిన తోక వెనక్కి ఉండాలి. మునుపు ఎవరో మహానుభావుడు దాన్ని ఎదురీత ఈదించాడు. ఇన్నాళ్లూ ఊడకపోవడమే వింత. ఆ మహానుభావుడెవరా అని తిట్టుకుంటూ కటింగ్ ప్లేయరుతో తోక నొక్కాను. టింగ్ మంది. క్లిప్పు గాల్లోకి లేచి, దీపావళి తారాజువ్వలా వంపు తిరిగి, పక్కనున్న నూకల కుప్పలో పడింది.

ఆ కుప్ప నా నడుమెత్తు.

ముందు చేత్తో కెలికాను. కెలికే కొద్దీ అది లోపలికి పోతోందని అర్థమైంది. అయస్కాంతం ఉందేమో అడిగాను. ఉందట, జల్లెడ మిషన్లో బిగించి ఉందట, విప్పాలంటే మేనేజరు గారి అనుమతి కావాలట. ఇంతలో తవుడు బస్తాలు కుట్టే ఆడవాళ్లు నలుగురు వచ్చారు. వాళ్లలో పెద్దావిడ నన్నోసారి, కుప్పనోసారి చూసి, "లెగండి బాబూ, ఇది మగాళ్లు చేసే పని కాదు" అని చేటలు తెప్పించింది.

ఇక చూడాలి. నాలుగు చేటలు, ఒకటే లయ. చెరగడం, ఎగరేయడం, అంచుకి లాగి చూడడం, పక్కన పోయడం. నేను మధ్యలో గొంతుక్కూర్చుని, పోసిన ప్రతి గుప్పెడూ వేళ్లతో పరుస్తున్నాను. లారీ డ్రైవరు వచ్చి "పెళ్లి బియ్యమా అండీ?" అని అడిగి పోయాడు. హమాలీలు బీడీలు వెలిగించుకుని అరుగు మీద కూర్చుని పందెం కాశారు. గంట గడిచేసరికి ఓ సేఫ్టీ పిన్ను, రెండు గుండీలు, కిందటి సంక్రాంతికి పోయిన ఓ అమ్మాయి ముక్కుపుడక దొరికాయి. ఆ పిల్ల ఏడ్చేసింది. అందరూ నన్ను దీవించారు. క్లిప్పు మాత్రం దొరకలేదు. ఈ మిల్లులో నాకు నూకలు చెల్లాయన్న మాట అంత నిజంగా ఎప్పుడూ అనిపించలేదు.

కుర్రాడు సైకిల్ షాపుకి పరిగెత్తి ఓ క్లిప్పు తెచ్చాడు. సైకిల్ చైను పిచ్ కూడా అరంగుళమే, కానీ దాని పిన్ను సన్నం. మన పిన్నుకి పట్టలేదు.

స్టోర్‌లో ఉన్నాయి. ఉన్నాయని స్టోర్ కీపరే చెప్పాడు. అద్దాల బీరువాలో ప్యాకెట్టు కనిపిస్తోంది కూడా. కానీ ఇండెంటు (సామాను అడిగే చీటీ) మీద మూడు సంతకాలుండాలి, "క్లిప్పు" అనే పేరుతో ఐటం లేదు, "చైను పూర్తి సెట్" అనే ఉంది. కొత్త చైను కొనొద్దన్న మిల్లులో, కొత్త చైను రాస్తే తప్ప క్లిప్పు రాదన్నమాట! రాశాను. సంతకాలయ్యేసరికి మూడయింది. చైను బీరువాలోనే ఉంచి, అందులోంచి క్లిప్పు మాత్రం తీసి నా చేతిలో పెట్టాడు.

బిగించాను, తల ముందుకి పెట్టి మరీ. మోటారు జరిపి టెన్షన్ సరిచూశాను. రెండు పళ్లచక్రాల మధ్య దూరం మీటరు ఉంటే, మధ్యలో రెండు సెంటీమీటర్ల దాకా ఆడాలి. మరీ బిగిస్తే బేరింగులు కాలిపోతాయి. సరిగ్గా రెండు వచ్చింది.

మేనేజరు గారొచ్చారు. బొటనవేలితో చైను నొక్కారు. "ఇదేంటయ్యా, ఇంకా వదులుగానే ఉందిగా?"

నేనేమీ అనలేదు. సంచి తీసుకుని బయల్దేరాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ సంచి విప్పి, "క్యారియర్ ముట్టుకోనే లేదేం? ఈ తెల్ల పింగాణీ దిమ్మలు మూడూ ఎక్కడివి?" అంది.

అప్పుడే ఫోను మోగింది. మేనేజరు గారు. మొదటిసారి ఎత్తలేదు.