సీసాకు సాష్టాంగ నమస్కారం

2018 మే నెలలో, ఫ్రాన్సు తూర్పు కొసన ఉన్న జురా ప్రాంతంలో, 1774 నాటి పసుపు వైను సీసా ఒకటి వేలంలో 1,03,700 యూరోలు పలికింది. ఆ ధర విన్నది మొదలు వైను సేకరించే పెద్దమనుషులకు ఒక పరమసత్యం బోధపడింది: వైనును తాగడం అనాగరికం.

వారి ఇళ్లకు వెళ్లివచ్చిన వారికి ఈ వర్ణన కొత్త కాదు. నేలమాళిగలో గాజు బీరువా, దానికి తాళం, పక్కన చలినీ తేమనూ కొలిచే యంత్రం, లోపల 62 సెంటీలీటర్ల పొట్టి సీసా, దాని నెత్తిన చిన్న దీపం. గృహస్థు గొంతు తగ్గించి పంట సంవత్సరం చెబుతాడు, కొన్న ధర చెబుతాడు, నేటి ధర చెబుతాడు, ఇంకా రాని ఏడాది ధర కూడా చెబుతాడు. రుచి ఎలా ఉంటుందని అడిగిన అజ్ఞానిని మాత్రం మళ్లీ పిలవడు. మిగిలిన అతిథులు భక్తితో తలలూపి, పైకి వచ్చి, మంచినీళ్లు తాగి వెళ్లిపోతారు. దేవుడి ముందు పెట్టిన నైవేద్యమైనా చివరకు ప్రసాదమై మనుషుల నోటికి చేరుతుంది. ఈ సీసాకు ఆ యోగం కూడా లేదు.

ఇంతకీ అందులో ఉన్నది, జురా దాటితే అరుదుగా కనిపించే సవాన్యాఁ అనే తెల్లద్రాక్ష రసం. పీపాలో వైను ఆవిరై తరిగేకొద్దీ మామూలుగా పైనుంచి నింపుతారు, ఇక్కడ నింపకూడదు. తరిగిన చోట ఈస్టు పొర పలుచగా కమ్ముకుని, వైను వెనిగరుగా మారకుండా కాపలా కాస్తుంది. ఆరేళ్లకు పైగా అలా ఉంచితే లీటరుకు మిగిలేది సుమారు 62 సెంటీలీటర్లని లెక్క. సీసా పొట్టిగా ఉండడానికి కారణం అదే. ఈ పసుపు వైనును షాతో షాలోఁ అనే ఊరి పేరుతో అమ్మే రైతులైతే, ద్రాక్ష ఆ పేరుకు తగినట్టు పండలేదని తేల్చి, 1974, 1980, 1984, 2001 పంటలకు ఆ పేరుతో ఒక్క సీసా కూడా తీయలేదు.

ఆదాయం వదులుకున్నది వారు. 2021 ఏప్రిల్‌లో లేత చిగుళ్లు మంచుకు మాడిపోయి పంటలో అధికభాగం పోతే నష్టపోయిందీ వారే. సీసా చేతులు మారి ధర ఎన్ని రెట్లయినా వారికి దక్కేది సున్నా. తోటి మనుషులు తాగాలని ఒక రైతు ఆరేళ్లు కాచుకుని చేసినదాన్ని షేరు కాగితంగా మార్చి, పైగా తమను రసికులని చెప్పుకోవడానికి వీరికి నోరెలా వస్తుంది? సిగ్గుండనక్కరలేదా?

తెరిస్తే పాడవుతుందన్న సాకు కూడా చెల్లదు. ఏళ్ల తరబడి గాలితో కాపురం చేసి వచ్చిన ఈ వైను మూత తీశాక కూడా వారాలపాటు చెక్కుచెదరదు. కనుక అయ్యా, గ్లాసులు తెప్పించండి, ఆ జురాలోనే చేసే ‘కొంతే’ అనే రకం చీజ్ నాలుగు ముక్కలు కోయించండి, ధర మాత్రం ఎవరికీ చెప్పకండి.