అడక్కుండా పోర్టు తెరిచే హక్కు మెసేజింగ్ యాప్‌కి ఎవరిచ్చారు?

చాటింగ్ కోసం పెట్టుకున్న ప్రోగ్రామ్, బయటి నుంచి వచ్చే కనెక్షన్లను ఆపే కాపలా అయిన నా ఫైర్‌వాల్ జోలికి ఎందుకు వెళ్లాలి? నా కంప్యూటర్‌లో ఇన్‌బౌండ్ రూల్స్ (బయటి నుంచి ఏది లోపలికి రావచ్చో చెప్పేవి) తీసి చూస్తే ఒక మెసేజింగ్ ప్రోగ్రామ్ పేరు మీద టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి (డేటా పంపే రెండు పద్ధతులివి) రూల్స్ కనిపించాయి. ఏ పోర్టుకైనా (కనెక్షన్ లోపలికి వచ్చే నంబరు తలుపు), ఏ అడ్రస్ నుంచైనా రానివ్వమని వాటి అర్థం. పైగా పబ్లిక్ నెట్‌వర్క్‌కి కూడా! రౌటర్‌లో చూస్తే అక్కడా ఒక పోర్టు తెరిచి ఉంది. ఇందులో ఒక్కదానికీ నన్ను అడగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ప్రోగ్రామ్‌ని ఫైర్‌వాల్ దాటి రానివ్వాలా అని విండోస్ అడుగుతుంది కదా అంటారు. అన్నిసార్లూ అడగదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్మిన్ పర్మిషన్‌కి ఎస్ అని నొక్కితే చాలు, ఇన్‌స్టాలర్ తన రూల్ తానే రాసుకోగలదు. ఇక ఆ ప్రశ్న తెర మీదికే రాదు. ప్రోగ్రామ్ తీసేశాక కూడా ఆ రూల్ అక్కడే మిగిలిపోవచ్చు. ఆ రూల్ చూసేది ఫైల్ ఉన్న చోటు, దాని పేరు మాత్రమే. అదే చోట అదే పేరుతో వేరే ఫైల్ వచ్చి కూర్చుంటే దానికీ దారి వదులుతుంది.

రౌటర్ సంగతి ఇంకా ఘోరం. పోర్టులు వాటంతట అవే తెరుచుకునేలా చేసే యూపీఎన్‌పీ అనే సదుపాయం అందులో ఆన్‌లో ఉంటే ఇంట్లోని ఏ పరికరమైనా "ఈ పోర్టు తెరువు" అంటే చాలు, రౌటర్ మామూలుగా పాస్‌వర్డ్ కూడా అడగకుండా తెరిచేస్తుంది. అద్దెకున్న ప్రతివాడికీ వీధి తలుపు తాళం నకలు ఇచ్చినట్టే ఇది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన మెసెంజర్ వాయిస్, వీడియో కాల్స్ కోసం వాడుకున్నది ఈ దారినే. 2008లో బయటపడిన కాన్‌ఫికర్ వర్మ్ (తనంతట తానే పాకే హానికర ప్రోగ్రామ్) కూడా రౌటర్లలో పోర్టులు తెరిపించుకోవడానికి ఇదే దారి పట్టింది. మంచి ప్రోగ్రామేదో, వర్మ్ ఏదో రౌటర్‌కి తెలియదు. 2013లో ర్యాపిడ్7 అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పరిశీలిస్తే 8 కోట్లకు పైగా ఐపీ అడ్రస్‌లు ఇంటర్నెట్ నుంచి వచ్చిన యూపీఎన్‌పీ పిలుపుకి జవాబిచ్చాయి. ఇంటి లోపల మాత్రమే పలకాల్సిన సర్వీసు అది!

కాల్స్ బాగా రావాలంటే తప్పదన్న మాట ఇవాళ నేను ఒప్పుకోను. బ్రౌజర్‌లో వీడియో కాల్ చేసేటప్పుడు ఎవరైనా పోర్టు తెరుస్తున్నారా? రెండు వైపులా ముందు లోపలి నుంచే ప్యాకెట్లు పంపుకుంటాయి, వాటికి జవాబుగా వచ్చేవాటిని ఫైర్‌వాల్ రానిస్తుంది. అదీ కుదరకపోతే ఇటువి అటు, అటువి ఇటు అందించే రిలే సర్వర్ మధ్యలో ఉంటుంది. కాల్ కాస్త ఆలస్యం కావచ్చు, కంపెనీకి సర్వర్ ఖర్చు పెరగవచ్చు. ఆ ఖర్చు తప్పించుకోవడానికి నా ఇంటి భద్రతను పణంగా పెట్టడం అన్యాయం.

మన దగ్గర చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగలిగే అడ్రస్) ఉండదు, కాబట్టి టెన్షన్ అక్కర్లేదనేవాళ్లూ ఉన్నారు. హాస్టల్ వైఫైలో కూర్చున్న పిల్లల సంగతేంటి? పబ్లిక్ నెట్‌వర్క్‌లో అన్నిటినీ రానివ్వమనే రూల్ ఉంటే, ఆ ప్రోగ్రామ్‌లో లోపం దొరికినప్పుడు పక్క గదిలోవాడే దాన్ని వాడుకోగలడు. కొత్త తరం అడ్రస్‌ల పద్ధతి ఐపీవీ6లో అయితే ఆ పబ్లిక్ ఐపీ లేదన్న అడ్డు కూడా ఉండదు.

దయచేసి ఈ రోజే విండోస్ స్టార్ట్ మెనూలో wf.msc అని టైప్ చేసి ఇన్‌బౌండ్ రూల్స్ చూడండి. మెసేజింగ్ ప్రోగ్రామ్ పేరుతో ఉన్నవాటిని డిసేబుల్ చేసి, ఒక కాల్ చేసి చూడండి. రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆపేయండి. గేమ్ కన్సోల్ ఉంటే దానికి కావలసిన పోర్టు ఒక్కటీ మీరే తెరుచుకోవచ్చు. ఇక యాప్ తయారుచేసేవాళ్లను నేను అడిగేది ఒక్కటే: ఏ పోర్టు, ఎందుకు, ఎంతసేపు అన్నది తెలుగులో చెప్పి అడగండి, వద్దంటే మానేయండి, పని అయ్యాక మూసేయండి.