50 లక్షలు అయిపోతే మందు ఆపేస్తారా?

రెండు వారాలకోసారి ఆస్పత్రికి వచ్చి, చేతికి సూది పెట్టించుకుని రెండు మూడు గంటలు మంచం మీద పడుకుంటే చాలు, గౌచర్ జబ్బున్న పిల్లలు మిగతా రోజులన్నీ అందరిలాగే బడికి వెళ్తారు, ఆడుకుంటారు, అల్లరి చేస్తారు. అలాంటి పిల్లల తల్లిదండ్రులకు ఇప్పుడు చెబుతున్న మాట ఏమిటంటే, మీ డబ్బులు అయిపోయాయి, ఇక మందు లేదు అని. జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఒక్కో రోగికి కేంద్రం ఇచ్చే 50 లక్షల రూపాయలు ఖర్చయిపోయిన చోటల్లా చికిత్స ఆగిపోతోంది. జబ్బు ముదిరి కాదు, మందు పనిచేయక కాదు, దొరక్క కూడా కాదు. ఆఫీసు కాగితాల్లో లెక్క పూర్తయింది కాబట్టి.

ఈ జబ్బు ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు. ఒంట్లో కొవ్వు పదార్థాన్ని విరగ్గొట్టాల్సిన ఒక ఎంజైమ్ పుట్టుకతోనే సరిగా తయారు కాదు. ఆ కొవ్వంతా ప్లీహంలో, కాలేయంలో, ఎముక మూలుగలో పేరుకుపోతుంది. పొట్ట ఉబ్బుతుంది, రక్తం తగ్గుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎముకలు నొప్పెడతాయి. లేని ఎంజైమ్‌ను బయటి నుంచి ఎక్కించడమే ఎంజైమ్ రీప్లేస్‌మెంట్ థెరపీ. అమెరికాలో 1991 నుంచీ వాడుకలో ఉన్న వైద్యమిది, ఎవరూ దీన్ని ప్రయోగం అనలేరు. ఎక్కిస్తే ఉబ్బిన పొట్ట తగ్గుతుంది, బిడ్డ కోలుకుంటుంది. ఆపేస్తే జబ్బు మళ్లీ మొదటికొస్తుంది. ఇలాగే మరో ఎంజైమ్ లోపించే పాంపే జబ్బున్న పసివాళ్లకైతే గుండె కండరం, ఊపిరి తీయించే కండరాలే దెబ్బతింటాయి కాబట్టి, వాళ్ల విషయంలో ఆపడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

మాకు కోపం తెప్పిస్తున్నది డబ్బు లేదనడం కాదు. 2021 మార్చిలో కేంద్రం తెచ్చిన ఆ విధానపత్రంలోనే ఏం రాసుకున్నారో చూడండి. పది కిలోల బిడ్డకు కొన్ని అరుదైన జబ్బుల్లో ఏడాదికి 10 లక్షల నుంచి కోటి రూపాయల పైన ఖర్చవుతుందని, చికిత్స జీవితాంతం సాగుతుందని, వయసూ బరువూ పెరిగేకొద్దీ డోసూ ఖర్చూ పెరుగుతాయని అందులోనే ఉంది. జీవితాంతం అని రాసింది వాళ్లే, 50 లక్షలు దాటితే ఇవ్వం అంటున్నదీ వాళ్లే. తెలియక పెట్టిన పరిమితి అయితే దిద్దుకోమని అడగొచ్చు. ఇది అన్నీ తెలిసి పెట్టింది. మొదట్లో 20 లక్షల సాయం ఒక్కసారి చికిత్సతో నయమయ్యే జబ్బులకే అన్నారు, మిగతా వాళ్లకు విరాళాల పోర్టల్ చూపించారు. 2022 మేలో జబ్బు ఏ రకమైనా ఒక్కో రోగికి 50 లక్షలు చేశారు. బతికున్నంత కాలం వాడాల్సిన మందుకి బతుకులో ఒక్కసారి ఇచ్చే సాయం అది.

బరువు సంగతి కొంచెం దగ్గరగా చూస్తే కడుపు తరుక్కుపోతుంది. గౌచర్‌కు మామూలుగా వాడే పూర్తి డోసు కిలోకి 60 యూనిట్లు, సీసాలో ఉండేది 400 యూనిట్లు. పది కిలోల బిడ్డకు ఒకసారికి 600 యూనిట్లు, అంటే సీసాన్నర. ఇరవై కిలోలకు మూడు సీసాలు, ముప్ఫై కిలోలకు నాలుగున్నర. రెండు వారాలకోసారి అంటే ఏడాదికి 26 సార్లు. బిడ్డ బరువు పెరిగిందంటే ఏ తల్లయినా మురిసిపోవాలి. ఈ తల్లులు తూకం యంత్రం ముందు టెన్షన్ పడుతున్నారు, ఎందుకంటే బిడ్డ కోలుకున్నకొద్దీ ఆ 50 లక్షలు మరింత తొందరగా కరిగిపోతాయి.

కొద్దిమందికి ఇంత ఖర్చు పెడితే వేలమంది ఇతర రోగుల మాటేమిటని అడిగేవాళ్లున్నారు, ఖజానాకు హద్దుందన్న మాటా నిజమే. పన్నులు తగ్గించిన సంగతీ ఒప్పుకుంటాం. విదేశాల నుంచి సొంతానికి తెప్పించుకునే మందులకు 2023లో కస్టమ్స్ సుంకం తీసేశారు, 2025 సెప్టెంబరులో గౌచర్ ఎంజైమ్ మీద జీఎస్టీ సున్నా చేశారు. కానీ కొనడానికి డబ్బే లేనివాడికి పన్ను మినహాయింపు ఏం చేసుకోవడానికి?

అసలు భయం వేరే ఉంది. ప్రభుత్వం చేతులారా మొదలుపెట్టిన వైద్యాన్ని, పనిచేస్తోందని తెలిసి కూడా, డబ్బు లెక్క చూపించి మధ్యలో ఆపొచ్చని ఇవాళ ఒప్పుకుంటే, రేపు ఎవరి వంతు? హెచ్ఐవీ రోగులకు 2004 నుంచి ఉచితంగా మందులిస్తున్నాం, ఇన్ని లక్షలయ్యాయి, ఇక చాలని ఎవరితోనైనా అన్నామా? మన రాష్ట్రాల్లో డయాలసిస్ ఉచితంగా జరుగుతోంది, అదీ ఏళ్ల తరబడి సాగే ఖర్చే. మీ కోటా ముగిసిందని ఓ కిడ్నీ రోగిని మంచం మీంచి లేపితే ఊరు ఊరుకుంటుందా? ఆ జనం లక్షల్లో ఉన్నారు కాబట్టి నోరుంది, ఓట్లున్నాయి. ఈ పిల్లలు వందల్లో ఉన్నారు. తేడా అదొక్కటే, వైద్యంలో ఏ తేడా లేదు. బలం లేనివాళ్ల దగ్గర మొదలైన పద్ధతి బలం లేనివాళ్ల దగ్గరే ఆగుతుందని ఎవరూ నమ్మకండి.

కోర్టులు ఈ మాట ఎప్పుడో చెప్పాయి. 2014 ఏప్రిల్‌లో ఓ రిక్షా కార్మికుడి కొడుకుకు గౌచర్ మందు ఉచితంగా ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు అక్కడి ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2024 అక్టోబరులో అదే హైకోర్టు అరుదైన వ్యాధులకు జాతీయ నిధి పెట్టమంది, రెండేళ్లకు 974 కోట్లు కేటాయించమంది, 50 లక్షల గీత దగ్గర పట్టువిడుపు ఉండాలంది. కేంద్రం ఏం చేసింది? ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. లాయర్లను పెట్టి వాదించడానికి ఓపిక ఉంది కానీ, వాయిదాకీ వాయిదాకీ మధ్య ఆ పిల్లలకు మందు ఎలాగన్న ఆలోచన లేదు. వాయిదాలు నెలల లెక్క, మందు వారాల లెక్క.

రాష్ట్రాలూ చేతులు దులుపుకోవడానికి లేదు. 2022లో వరద బాధితుల పరామర్శకు వచ్చిన అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్‌కు గౌచర్ ఉన్న పాప తల్లిదండ్రులు ప్లకార్డు చూపిస్తే, ఆయన కంటబడి, కోటి రూపాయలు మంజూరయ్యాయి. మంచి పనే, కాదనం. మరి కాన్వాయ్ వెళ్లని ఊళ్లో ఉన్న పాప సంగతి? ప్లకార్డు రాయడం తెలియని తండ్రి సంగతి? హైదరాబాద్‌లోనే నిమ్స్ ఆస్పత్రి, డీఎన్ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ కలిసి ఈ జబ్బులకు కేంద్రం గుర్తించిన సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌గా ఉన్నాయి. పరీక్ష ఇక్కడే జరుగుతుంది, జబ్బు పేరు ఇక్కడే తేలుతుంది, మందు ఎవరిస్తారంటే మాత్రం కేంద్రం వైపు రాష్ట్రం, రాష్ట్రం వైపు కేంద్రం చూస్తాయి. మేనరికాలు ఎక్కువగా జరిగే నేల మనది. ఇలాంటి జన్యు జబ్బుల ముప్పు మనకు ఎక్కువని డాక్టర్లు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. ఆరోగ్యశ్రీని దేశానికి నేర్పామని గొప్పలు చెప్పుకునే రెండు రాష్ట్రాలు, 50 లక్షలు అయిపోయిన రోజు నుంచి ఈ పిల్లల బాధ్యత మాది అనడానికి ఎందుకు వెనకాడుతున్నాయి?

ధర దిగదనేది కూడా ఒప్పుకోం. గౌచర్‌కే పెద్దవాళ్లు వాడే ఎలిగ్లుస్టాట్ అనే క్యాప్సూల్‌కు ఏడాదికి 1.8 కోట్ల నుంచి 3.6 కోట్లు అయ్యేది. మన కంపెనీలు తయారుచేస్తే 3 నుంచి 6 లక్షలకు దిగిందని 2023 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖే ప్రకటించింది. ఎంజైమ్ తయారీ క్యాప్సూల్ కంటే కష్టం, నిజమే, జీవకణాల్లో పెంచి తీయాలి. కానీ అలాగే జీవకణాల్లో పెంచి తీసే రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందుకు 2007లోనే బయోసిమిలర్, అంటే దానికి దీటైన చవక మందు, తీసుకొచ్చిన నగరం హైదరాబాద్. ప్రభుత్వం కొంటానని మాటిస్తే చేసేవాళ్లు దొరకరా? అంతదాకా ఎందుకు, ఒక్కో సెంటర్ విడిగా కొనుక్కునే బదులు దేశానికంతటికీ కలిపి ఒకే చోట బేరమాడితే ఇప్పుడున్న కంపెనీలైనా దిగిరావా? ఆ ప్రయత్నం గట్టిగా చేయకుండా ఖరీదెక్కువ అంటూ బిడ్డల మందు ఆపడం బాధ్యత తప్పించుకోవడమే.

తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఎంపీలున్నారు. ప్రతి ఫిబ్రవరి చివరి రోజున అరుదైన వ్యాధుల దినం అంటూ పోస్టులు పెట్టే నాయకులకు కొదవలేదు. ఈసారి పోస్టులు వద్దు. 50 లక్షల గీత ఎందుకు పెట్టారని, ఎంతమంది పిల్లలకు మందు ఆగిందని, ఆగినవాళ్లలో ఎంతమంది ఇంకా బతికున్నారని సభలో లేచి అడగండి. సుప్రీంకోర్టులో కేసు తేలేదాకా ఒక్క డోసు కూడా తప్పకుండా ఇస్తామని ఆరోగ్య మంత్రితో అక్కడే చెప్పించండి. అది కూడా చేతకాకపోతే ఆ తల్లిదండ్రుల దగ్గరకు ఫొటోల కోసం వెళ్లకండి.