టేపు పట్టుకుని టాకిల్‌ని తేల్చేస్తారా?

మొన్న శనివారం ఫ్రిస్కోలో ఒక స్నేహితుడింట్లో భోజనాలు. ఏప్రిల్ కదా, ఇక్కడ డల్లాస్ చుట్టుపక్కల ఏ నలుగురు చేరినా మాట అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ మీదకే పోతుంది, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ జట్లు కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే పని. మా డల్లాస్ జట్టు కౌబాయ్స్‌కి ఎవరు కావాలి, ఎవరొద్దు అని గట్టిగానే వాదించుకుంటున్నాం. ఒక కాలేజీ టాకిల్ (లైన్ చివర నిలబడి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడేవాడు) పేరు రాగానే ఒకాయన చెయ్యి ఊపేశాడు. "వాడికి చేతులు 33 అంగుళాలు కూడా లేవండీ. టాకిల్‌గా పనికిరాడు, గార్డ్‌గా ఆడించుకోవాల్సిందే." గార్డ్ అంటే లైన్లో టాకిల్‌కి లోపలి పక్క నిలబడేవాడు. ఆ కుర్రాడి మ్యాచ్ ఒక్కటైనా పూర్తిగా చూశారా అని అడిగాను. చూడలేదట. ఫోన్లో కొలత చూశారు, తీర్పు చెప్పేశారు. తినే దగ్గర గొడవెందుకని ఊరుకున్నాను గానీ, నాలుగు రోజులైనా ఆ మాట గొంతులో ముల్లులా అడ్డంపడే ఉంది. అందుకే ఇంత పొడుగు పోస్ట్. ఓపికుంటే చదవండి.

2025 డ్రాఫ్ట్‌కి ముందు విల్ క్యాంప్‌బెల్ విషయంలోనూ ఇదే జరిగింది. ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చేరిన మొదటి ఏడాదే లెఫ్ట్ టాకిల్‌గా దిగి, మూడేళ్ళు అదే చోట ఆడాడు. అదీ ఎస్‌ఈసీ అనే కాలేజీల కాన్ఫరెన్స్‌లో. ఆ కాన్ఫరెన్స్‌లో వారం వారం ఎదురయ్యే రషర్లలో, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకొచ్చేవాళ్ళలో, చాలామంది తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళేవాళ్ళే. ఇండియానాపొలిస్‌లో కంబైన్, అంటే డ్రాఫ్ట్‌కి ముందు కొలతలూ పరీక్షలూ, జరిగినప్పుడు అతని చెయ్యి కొలిస్తే 32 అంగుళాల 5/8 వచ్చింది. అంతే, మూడేళ్ళ ఆట పక్కకి పోయి ఆ అంకె ఒక్కటే మిగిలింది. తర్వాత కాలేజీలోనే జట్ల ముందు జరిగే ప్రో డేలో మళ్ళీ కొలిస్తే 33 వచ్చింది. ఆ తేడా మన చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. దాని మీద వారాల తరబడి వాదనలు! చివరికి పేట్రియట్స్ 4వ పిక్‌తో (నాలుగో వంతులో) తీసుకుని, తమ క్వార్టర్‌బ్యాక్ డ్రేక్ మేకి కాపలాగా లెఫ్ట్ టాకిల్‌లోనే నిలబెట్టారు.

చెయ్యి ఎలా కొలుస్తారో మా ఇంట్లో చేసి చూశాను. మా వాడు ఇక్కడ హైస్కూల్ జేవీ (జూనియర్ వర్సిటీ, అంటే రెండో జట్టు) టీమ్‌లో రైట్ టాకిల్. భుజం మీద ఎముక కొస నుంచి మధ్యవేలి చివరి దాకా కొలవాలి. మా ఆవిడ కుట్టుమిషన్ డ్రాయర్‌లోంచి టేపు తీసింది. మొదటిసారి 31 ముప్పావు వచ్చింది. రెండోసారి 32. మూడోసారి వాడు భుజం కొంచెం కిందికి వదిలేసరికి 31న్నర. అదే చెయ్యి, అదే టేపు, కొలిచిందీ ఒకే మనిషి. కంబైన్‌లో కొలిచేవాళ్ళు మా ఆవిడ కంటే జాగ్రత్తగానే కొలుస్తారు, కాదనను. అయినా గోరంత తేడాని పట్టుకుని ఒక మనిషి ఆడే చోటే మార్చేయడం నాకు సబబుగా అనిపించదు.

పొడుగు చేతులు అక్కర్లేదని నేననడం లేదు. టాకిల్ పని ఎదుటివాడిని ముందుగా ముట్టుకోవడం. మన చెయ్యి వాడి ఛాతీ మీద పడేసరికి వాడి చెయ్యి మన మీదకి రాకుండా ఉంటే ఆ ప్లేలో సగం గెలిచినట్టే. చెయ్యి పొట్టిదైతే ఆ మొదటి దెబ్బ వాడే కొడతాడు, మనం వెనక్కి తూలుతాం. ఇది నిజమే. కానీ చెయ్యి ఎంత పొడుగున్నా పాదం సరైన చోట లేకపోతే ఆ చెయ్యి గాలిని పట్టుకుంటుంది. పాదం ఎక్కడ పడుతుందో చెప్పే టేపు ఏ టైలర్ దగ్గరా దొరకదు, మ్యాచ్ చూడాల్సిందే.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి వెనక్కి తగ్గుతాడు. కుడిచేతి వాటం వాడైతే ఎడమ పక్క నుంచి వచ్చేవాడు అతని కంటికి ఆనడు. అక్కడ కాపలా ఉండేవాడే లెఫ్ట్ టాకిల్. మన క్రికెట్లో వికెట్ కీపర్‌ లాంటివాడు: పని సవ్యంగా సాగినంతసేపు ఎవరూ పేరెత్తరు, ఒక్కటి వదిలేస్తే ఊరంతా తిడుతుంది. టాకిల్స్ లేకపోతే ఏమవుతుందో 2021 ఫిబ్రవరిలో అందరం చూశాం. 55వ సూపర్ బౌల్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్. చీఫ్స్‌కి టాకిల్స్ ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్ ఇద్దరూ గాయాలతో లేరు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ అంతటివాడు 29 సార్లు ఒత్తిడిలో పడ్డాడు, సూపర్ బౌల్ చరిత్రలో అంతకుముందు ఎవరికీ అన్నిసార్లు జరగలేదు. బంతి పట్టుకుని మైదానమంతా పరిగెడుతూనే ఉన్నాడు. 31–9తో ఓడిపోయారు, ఒక్క టచ్‌డౌన్ లేదు.

ఆ తర్వాత వాళ్ళు లెఫ్ట్ టాకిల్ కోసం ఎవర్ని తెచ్చుకున్నారో చూడండి, నా వాదనంతా అక్కడే ఉంది. ఒర్లాండో బ్రౌన్ జూనియర్‌ని. ఓక్లహోమాలో బేకర్ మేఫీల్డ్‌కి కాపలా కాసినవాడు. 2018 కంబైన్‌లో ఇతని ప్రదర్శన చూసి జనం తలలు పట్టుకున్నారు. 40 గజాలకి 5.85 సెకన్లు. 225 పౌండ్ల బార్ 14 సార్లే ఎత్తాడు. మొదటి రౌండ్ అనుకున్నవాడు మూడో రౌండ్‌కి, 83వ పిక్‌కి జారిపోయాడు. రేవెన్స్ తీసుకున్నారు. 2019 నుంచి వరసగా నాలుగేళ్ళు ప్రో బౌల్, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్ళలో చోటు. 2022 సీజన్లో ఈగల్స్ 70 శాక్‌లు (క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసరకముందే పడగొట్టడం) చేశారు. 57వ సూపర్ బౌల్‌లో అదే ఈగల్స్ మీద చీఫ్స్ లెఫ్ట్ టాకిల్ ఈయనే. ఆ రోజు మహోమ్స్ మీద శాక్‌లు సున్నా. అతని చేతులు పొడుగే, ఒళ్ళూ పెద్దదే, ఒప్పుకుంటాను. కానీ కంబైన్ పేపర్ ఒక్కటే చూసినవాడు అతన్ని చెత్తబుట్టలో పడేసేవాడు. ఓక్లహోమా ఆట చూసినవాడికి మాత్రం తెలుసు, అతని చుట్టూ తిరిగి క్వార్టర్‌బ్యాక్ దగ్గరికి చేరడం ఎంత కష్టమో.

దీనికి పూర్తిగా ఎదురు కథ అలెక్స్ లెదర్‌వుడ్‌ది. అలబామా వాడు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, పరుగు బాగుంది, కొలతలన్నీ బాగున్నాయి. 2021లో రైడర్స్ 17వ పిక్ పెట్టారు. ఒక్క సీజన్ అయ్యాక వదిలేశారు. ఇంకా వెనక్కి వెళ్తే 1989, టోనీ మాండరిచ్. కండలు చూసి, పరుగు చూసి దేశమంతా మురిసిపోయింది, ప్యాకర్స్ 2వ పిక్‌తో తీసుకున్నారు. అతని వెనకే 3, 4, 5 పిక్‌లుగా వెళ్ళిన బ్యారీ శాండర్స్, డెరిక్ థామస్, డియాన్ శాండర్స్ ముగ్గురూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళారు. ఆ కండల వెనక కాలేజీ రోజుల్లో స్టెరాయిడ్లు ఉన్నాయని మాండరిచ్ 2008లో తనే ఒప్పుకున్నాడు.

మరి ఏం చూడాలి? నాకు తెలిసింది నేను కోచ్‌ల దగ్గర నేర్చుకోలేదు, కెమెరా పట్టుకుని నేర్చుకున్నాను. మా వాడి జేవీ మ్యాచ్‌లు గురువారం సాయంత్రాలు. మొదటి రెండు మ్యాచ్‌లు నేను తీసిన వీడియో చూసి వాడు నిట్టూర్చాడు: "డాడీ, నేనెక్కడున్నాను ఇందులో?" నిజమే, నా కెమెరా బంతి వెనకే పరిగెత్తింది. మూడో మ్యాచ్ నుంచి బంతిని వదిలేసి వాడి నంబర్ మీదే పెట్టాను. బంతి ఎటు పోయిందో నాకే తెలియదు, జనం అరిస్తే ఏదో జరిగిందని అర్థమయ్యేది. అప్పుడు కనిపించడం మొదలైంది. స్నాప్ అవగానే, అంటే బంతి ఆటలోకి రాగానే, వాడి కుడి పాదం వెనక్కి జరుగుతుంది, ఎడమ పాదం దాని వెంట జారుతుంది. దీన్ని కిక్ స్లయిడ్ అంటారు. ఒక ప్లేలో ఎదుటి కుర్రాడు బయట నుంచి వస్తున్నట్టు రెండడుగులు వేశాడు. మా వాడు భయపడి నడుము బయటికి తిప్పేశాడు. ఆ కుర్రాడు గుమ్మం తెరిచినట్టు లోపల్నుంచి దూరిపోయాడు. ఆ రాత్రి వంటింట్లో ల్యాప్‌టాప్ మీద ఆపి చూసుకుంటే మా వాడే చెప్పాడు, "ఇక్కడ ముందే తిరిగిపోయాను డాడీ." ఓడిపోయింది చేతుల దగ్గర కాదు, చేతులు కలిసేలోపే ఓడిపోయాడు.

అప్పటి నుంచి కాలేజీ మ్యాచ్‌లు కూడా అలాగే చూస్తున్నాను. టాకిల్‌ని చూడ్డానికి కోచ్‌ల కెమెరా ఫిల్మ్ అక్కర్లేదు, స్నాప్ అయ్యేటప్పుడు టీవీలో లైనంతా ఫ్రేమ్‌లోనే ఉంటుంది. మనం బంతి వైపు చూడకుండా ఉంటే చాలు. పాదాలు ఒకదానికొకటి దగ్గరైపోతున్నాయా? మోకాళ్ళు వంచుతున్నాడా, నడుము దగ్గర వంగుతున్నాడా? నడుము దగ్గర వంగేవాడిని చెయ్యి పట్టి లాగితే ముందుకు పడిపోతాడు. బుల్ రష్‌తో గుండెల మీద గుద్దితే ఒకటి రెండు అడుగులు వెనక్కి వెళ్ళినా మళ్ళీ నేలని పట్టుకుంటున్నాడా, క్వార్టర్‌బ్యాక్ ఒళ్ళో దాకా పోతున్నాడా? మొదటి దెబ్బ తగలకపోతే రెండో ఆలోచన ఉందా? ఒక స్టంట్ వచ్చినప్పుడు, అంటే ఇద్దరు డిఫెండర్లు దారులు మార్చుకున్నప్పుడు, గార్డ్‌కి అప్పజెప్పి తన మనిషిని అందుకుంటున్నాడా, పాతవాడి వెంటే పోతున్నాడా?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది, ఎవరూ పట్టించుకోరు. కాలేజీ ఆట టాకిల్‌ని దాచేస్తుంది. చాలా కాలేజీల్లో బంతి స్క్రీన్ పాసుకో (దగ్గరి పాస్) ఆర్‌పీవోకో (పరుగా పాసా అన్నది అప్పటికప్పుడు తేల్చే ప్లే) చిటికెలో చేతిలోంచి వెళ్ళిపోతుంది. ప్లే యాక్షన్ అయితే, అంటే బంతి పరుగుకి ఇస్తున్నట్టు నటిస్తే, రషర్ ఒక క్షణం తటపటాయిస్తాడు. అలాంటి ప్లేలు మ్యాచ్‌కి ముప్పై ఆడి ఒక్క శాక్ ఇవ్వలేదంటే అది టాకిల్ గొప్పా, ప్లే గొప్పా? నేను లెక్కపెట్టేది మిగిలిన కొన్ని ప్లేలే. థర్డ్ డౌన్ (మూడో ప్రయత్నం), ఎనిమిది గజాలో పదో కావాలి, పాస్ వేస్తారని స్టేడియం మొత్తానికి తెలుసు, రషర్ చెవులు రిక్కించి ఉన్నాడు, పక్కన సాయానికి టైట్ ఎండ్ లేడు. అదీ నాలుగో క్వార్టర్లో, ఊపిరి అందని వేళ. అలాంటివి ఒక సీజన్ మొత్తానికి కొన్ని పదులు దొరికితే ఎక్కువ. అవి చూడకుండా "శాక్‌లు ఇవ్వలేదు" అనడం కూడా "చేతులు పొట్టి" అనడం లాంటిదే.

రైటా లెఫ్టా అన్న గొడవ మీద నాకు పెద్ద పట్టింపు లేదు. టైరాన్ స్మిత్ యూఎస్‌సీలో రైట్ టాకిల్‌గా ఆడి 2011లో 9వ పిక్‌గా వచ్చాడు, కౌబాయ్స్‌కి లెఫ్ట్‌లో ఏళ్ళ తరబడి కొండలా నిలబడ్డాడు. ట్రిస్టన్ వర్ఫ్స్ కూడా బక్కనీర్స్‌లో రైట్‌లో ఆల్‌-ప్రో (ఆ ఏటి లీగ్ ఉత్తమ జట్టు) అయ్యాక 2023లో లెఫ్ట్‌కి మారాడు. 2020 డ్రాఫ్ట్‌లో అతని కంటే ముందు ముగ్గురు టాకిల్స్ వెళ్ళారని గుర్తు చేసుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇక ఎక్కడికి వెళ్తాడు, ఎవరు నేర్పిస్తారు అన్నది సగం జాతకం. ఈగల్స్ 2018లో ఏడో రౌండ్లో జోర్డన్ మైలాటాని తీసుకున్నారు. సిడ్నీలో రగ్బీ లీగ్ ఆడినవాడు, అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. వాళ్ళ లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్ చేతిలో పడి లెఫ్ట్ టాకిల్ అయ్యాడు, సూపర్ బౌల్ గెలిచాడు.

నాకింత మంట ఎందుకంటే, కిందటి వేసవిలో మా వాడిని ఒక లైన్‌మెన్ క్యాంప్‌కి తీసుకెళ్ళాను. డబ్బు కట్టాం, ఎండలో రెండు గంటలు డ్రైవ్ చేశాం. గేటు దగ్గర బల్ల మీద ఎత్తు, బరువు, చెయ్యి కొలిచి షీట్ మీద రాశారు, వాడిని గార్డ్‌ల వరసలోకి పంపారు. రోజంతా టాకిల్‌గా ఒక్క రెప్ కూడా ఇవ్వలేదు. వాడి పాదాలు అక్కడ ఒక్కరూ చూడలేదు. గార్డ్ తక్కువ పని అని కాదు. చూసి చెప్పి ఉంటే వాడూ ఒప్పుకునేవాడు, నేనూ ఒప్పుకునేవాణ్ణి. తిరుగు ప్రయాణంలో ఇంటిదాకా వాడు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆ రాత్రి వాడికి రషాన్ స్లేటర్ మ్యాచ్ ఒకటి పెట్టాను. 2019 అక్టోబర్ 18, శుక్రవారం రాత్రి, స్లేటర్ ఆడే నార్త్‌వెస్టర్న్ మీద ఒహాయో స్టేట్. ఎదురుగా చేజ్ యంగ్. ఆ ఏడాది 16.5 శాక్‌లు చేసి, మరుసటి డ్రాఫ్ట్‌లో 2వ పిక్‌గా వెళ్ళినవాడు. స్కోరు చూసి మా వాడు "52–3 ఓడిపోయారు కదా, ఇదెందుకు డాడీ" అన్నాడు. స్కోరు వదిలెయ్, ఎడమ పక్క చూడు అన్నాను. యంగ్ బయట నుంచి వస్తే స్లేటర్ పాదాలు అతనికంటే ముందే అక్కడున్నాయి. లోపలికి వస్తే నడుము తిరగలేదు. గుద్దితే వెనక్కి జరిగి మళ్ళీ ఆగాడు. స్లేటర్ చేతులు సరిగ్గా 33 అంగుళాలు. ఇతన్నీ గార్డ్ అన్నవాళ్ళున్నారు. 2020 సీజన్ కోవిడ్ వల్ల ఆడనేలేదు, అయినా ఈ ఆట చూసి 2021లో ఛార్జర్స్ 13వ పిక్‌తో తీసుకున్నారు. మొదటి ఏడాదే లెఫ్ట్ టాకిల్‌గా ప్రో బౌల్, ఆల్‌-ప్రో రెండో జట్టు. మా వాడు రిమోట్ నా చేతిలోంచి తీసుకుని ఒక ప్లే ఐదారుసార్లు వెనక్కి తిప్పుకున్నాడు.

భోజనాల దగ్గర ఆ మాట అన్నాయనకి నిన్న ఫోన్ చేశాను. ఈ ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను, వస్తానన్నారు. ఆయన కొట్టిపారేసిన కుర్రాడి మ్యాచ్‌లు మూడు రికార్డ్ చేసి పెట్టుకున్నాను. మొదటి మూడు క్వార్టర్లూ తర్వాత చూసుకోవచ్చు, నాలుగో క్వార్టర్ థర్డ్ డౌన్ల నుంచి మొదలుపెడతాం. మీలో ఎవరైనా వస్తానంటే చెప్పండి, మా ఆవిడ టీ పెడతానంది.