బానెట్ కింద వేసిన తాళం

పోయిన వేసవిలో కర్నూలు నుంచి అనంతపురం వస్తున్నాను. డోన్ దాటాక డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగింది. బండి జర్కు కొడుతోంది, పికప్ లేదు. ఏసీ ఆపేసి, గుత్తి, పామిడి మీదుగా మెల్లగా ఇల్లు చేరాను. మర్నాడు కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలన్నారు. పార్టు, లేబర్, ట్యాక్సు కలిపి 38 వేల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఏం పరీక్షించారు, పాతది ఎందుకు పోయింది అని అడిగితే "స్కానర్‌లో అట్ల వచ్చింది సార్" అన్నదొక్కటే జవాబు.

అక్కడినుంచి నేరుగా నా పాత మెకానిక్ షెడ్డుకు పోయాను. ఆయన చిన్న స్కానర్ తగిలించి, బండి కంప్యూటర్ చూపే లోపం కోడ్ చూశాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, టార్చి లైటు తీసుకుని ఇంజిన్ మీదికి వంగాడు. పది నిమిషాలకు ఒక వైరు పైకి లాగి చూపించాడు. "ఎలుక కొరికిండాది సార్, థ్రాటిల్‌కేం కాలేదు" అన్నాడు. వైరు అతికించి, స్లీవ్ తొడిగి, కోడ్ చెరిపేసి 400 తీసుకున్నాడు. ఆ లైటు ఈ రోజు వరకు మళ్లీ వెలగలేదు.

ఆరు నెలలకు అదే షెడ్డులో ఇంకొకటి జరిగింది. మా బావమరిది డీజిల్ బండికి ఒక ఇంజెక్టర్, అంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం, పోయింది. మెకానిక్ ఒరిజినల్ ఇంజెక్టర్ తెప్పించి శుభ్రంగా బిగించాడు. అయినా నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచితే బండి వణుకు తగ్గలేదు. ఇప్పటి కామన్ రైల్ రకం డీజిల్ ఇంజిన్లలో చాలావాటికి ప్రతి ఇంజెక్టర్ మీదా ఒక కోడ్ ముద్రించి ఉంటుంది. కొత్తది వేసినప్పుడు ఆ కోడ్‌ను బండి కంప్యూటర్‌కు ఎక్కించాలి. అప్పుడే ఆ సిలిండర్‌కు ఎంత డీజిల్ పోవాలో లెక్క కుదురుతుంది. ఎక్కించడం ఐదు నిమిషాల పని. కానీ ఆ మోడల్‌కు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ డీలర్ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకలేదు. బండిని లాగించుకుని పోతే "బయట విప్పిన బండి, నాలుగు ఇంజెక్టర్లూ మార్చాల్సిందే" అన్నారు. మార్చారు. బిల్లు లక్ష దాటింది. ఇరవై ఏళ్లు ఇంజిన్లు విప్పి బిగించిన మనిషి ఆ రోజు షెడ్డు ముందు తలవంచుకుని నిలబడిన తీరు నేను మర్చిపోలేను. ఆయనకు పని రాక కాదు ఆ తలవంపు. బండికి ఎవరో తాళం వేశారు, ఆ తాళంచెవి ఆయనకివ్వలేదు.

నేను చెప్పదలుచుకున్నది సూటిగా చెప్తాను. డబ్బు పెట్టి కారు కొన్నవాడికి దాన్ని తనకు నమ్మకమున్న చోట బాగుచేయించుకునే హక్కు చట్టంగా రావాలి. విడిభాగాలు, రిపేరు పుస్తకాలు, స్కానర్ సాఫ్ట్‌వేర్ ఈ మూడింటినీ సరసమైన ధరకు బయటి మెకానిక్‌లకు అమ్మి తీరాలని కంపెనీలకు ఆ చట్టం చెప్పాలి. విన్నపాలతో, పోర్టళ్లతో ఇది అయ్యే పని కాదు.

ఇందులో కొత్త మాటేమీ లేదు. 2014 ఆగస్టు 25న, మార్కెట్లో పోటీ సరిగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన తీర్పు ఇదే చెప్పింది. విడిభాగాలు, డయాగ్నొస్టిక్ పరికరాలు బయట దొరక్కుండా చేయడం తప్పని తేల్చి 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు కోర్టులకెక్కాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసి, ఆ డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. తీర్పు వచ్చి పదేళ్లు దాటింది, మా ఊరి షెడ్డులో ఏమీ మారలేదు. 2025 సెప్టెంబరు నుంచి విడిభాగాలన్నింటి మీదా జీఎస్టీ 18 శాతం అయింది, సంతోషం. పార్టు ధర తగ్గినా దాన్ని బండికి పరిచయం చేసే సాఫ్ట్‌వేర్ చేతికి రానప్పుడు ఆ తగ్గింపుతో మెకానిక్‌కు ఒరిగేదేముంది?

ఆ 2014 తీర్పులో ప్రతి కారు యజమానీ కంఠతా పట్టాల్సిన ముక్క ఒకటుంది. బయట మెకానిక్ దగ్గర పని చేయించుకున్నంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు అని కంపెనీలు గంపగుత్తగా షరతు పెట్టకూడదని కమిషన్ చెప్పింది. బయటివాడి తప్పు పని వల్ల ఏ భాగం పాడైందో, ఆ మేరకే వారంటీ కాదనవచ్చు. బయట బ్రేక్ ప్యాడ్లు వేయించుకున్నందుకు గేర్‌బాక్స్ వారంటీ ఎందుకు పోవాలి? ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు. కానీ మన కాలనీల్లో కొత్త కారు కొన్న ఎవరినైనా అడగండి. హారన్ మార్చాలన్నా భయమే, బ్యాటరీ మార్చాలన్నా భయమే. "వారంటీ పోతుంది" అన్న రెండు మాటలతో మూడేళ్లు, ఐదేళ్లు మనిషిని ఒకే గుమ్మానికి కట్టేస్తున్నారు.

ఆ గుమ్మం దగ్గర ఏం జరుగుతోందో బిల్లు చూస్తే తెలుస్తుంది. ఫ్రీ సర్వీసు అంటే లేబర్ మాత్రమే ఫ్రీ. ఆయిలు, ఫిల్టర్లు మనవే. వాటి కింద ఒక్కో వరుసా చేరుతుంది. ఇంజిన్ ఫ్లష్, థ్రాటిల్ క్లీనింగ్, ఏసీ డిస్ఇన్‌ఫెక్షన్, ఎలుకల స్ప్రే. ఇవన్నీ ఆ కిలోమీటర్లకు చేయాలని మాన్యువల్లో ఉందా అని అడిగిన వాళ్లకు కొన్ని వరుసలు మాయమవుతాయి. అడగని వాళ్లు కడతారు. మార్చిన పాత పార్టు తిరిగి ఇవ్వాలని జాబ్ కార్డు మీద ముందే రాయించండి. నేనీ పని మొదలుపెట్టాక నా బిల్లులు తగ్గాయి. పోయేందుకు ఇంకో చోటు ఉన్నప్పుడే మనం అడిగే ప్రశ్నకు బలం వస్తుంది. ఆ ఇంకో చోటే షెడ్డు. షెడ్డు మూతపడితే షోరూంలో మన మాటకు విలువ ఉండదు.

కంపెనీల వాదన కూడా వినాలి. ఇప్పటి కారులో ఎయిర్‌బ్యాగులు, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్నాయి, తెలియనివాడు చెయ్యి పెడితే ప్రాణాల మీదికొస్తుంది అంటారు. నకిలీ విడిభాగాలు, కారు తాళాల సాఫ్ట్‌వేర్ దొంగల చేతికి చిక్కడం లాంటి భయాలూ చెప్తారు. నకిలీ పార్టుల సంగతి నిజమే, నేనూ ఒకసారి డూప్లికేట్ క్లచ్ ప్లేటుతో మోసపోయాను. కానీ ఒరిజినల్‌ను బయట అమ్మకుండా బిగబట్టినంత కాలం నకిలీకే గిరాకీ ఉంటుంది. తెలియనివాడు చెయ్యి పెట్టకూడదంటే వాడికి తెలియజెప్పాలి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లో ఓటేసి మరీ కార్ల రిపేరు హక్కు తెచ్చుకున్నారు. 2014 కల్లా కంపెనీలే దిగొచ్చి ఆ పద్ధతిని దేశమంతటా పాటిస్తామని ఒప్పందం రాసుకున్నాయి. దానివల్ల అక్కడ కార్ల పరిశ్రమ కూలిపోలేదు.

రాయలసీమకు ఈ హక్కు మిగతా వాళ్లకన్నా ఎక్కువ అవసరం. మా నేల, నీళ్లు, ఎండ మూడూ కారుకు శత్రువులే. ముందు నీళ్ల సంగతి. అనంతపురం బోరు నీళ్లలో ఉప్పులు, ఫ్లోరైడు ఎక్కువని అందరికీ తెలుసు. రేడియేటర్‌లో లెవెల్ తగ్గిందని దారిలో ఎవరో ఒక చెంబు బోరు నీళ్లు పోస్తారు. రెండు మూడు వేసవులు అలాగే గడిస్తే లోపల సున్నం పేరుకుంటుంది. సన్నని గొట్టాలు మూసుకుపోతాయి. ఒక మే నెల మధ్యాహ్నం వేడి చూపే సూది ఎర్రగీత దాటుతుంది, ఇంజిన్ పైభాగమైన హెడ్ కింది గ్యాస్కెట్ పోతుంది, హెడ్ బెండవుతుంది. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ కలపకూడదన్న చిన్న సంగతి తెలియక వేల రూపాయల ఇంజిన్ పని మీద పడుతుంది. చల్లబడిన బండి రేడియేటర్ మూత తీసి, అంచున తెల్లటి పొర చూడగానే "బోరు నీళ్లు పోసినారా సార్" అని అడిగే మెకానిక్ మా ఊళ్లో ఉన్నాడు. ఆ చూపు ఏ స్కానర్‌కూ రాదు.

దుమ్మూ అంతే. తాడిపత్రి బండల ఫ్యాక్టరీల దారిలోనో, కళ్యాణదుర్గం వైపు మట్టి రోడ్ల మీదో రోజూ తిరిగే బండి ఎయిర్ ఫిల్టర్, బెంగళూరు ఆఫీసుకు పోయొచ్చే బండి ఫిల్టర్ ఒకే కిలోమీటర్లకు మార్చాలంటే ఎలా? ఎండ గురించి చెప్పాలంటే టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. పైన బటన్, అంటే గాళ్లు, అరగలేదని ఏడెనిమిదేళ్ల పాత టైర్లతో, గాలి కూడా చూసుకోకుండా మే నెలలో 44వ నెంబరు హైవే మీద వంద స్పీడులో పోయేవాళ్లను చూస్తే టైరు పేలుతుందేమోనని నాకు టెన్షన్ వస్తుంది.

దుమ్ము, వేడి ఎక్కువున్న చోట ఆయిలు, ఫిల్టర్లు మామూలు గడువుకన్నా ముందే మార్చాలని చాలా మాన్యువళ్లలో విడిగా ఒక పట్టిక ఉంటుంది. అది మన జిల్లా కోసమే రాసినట్టు ఉంటుంది. గ్లవ్ బాక్సులో ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది, ఎందుకంటే అది ఇంగ్లీషులో ఉంది.

నా అసలు బాధ ఇక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ తాళం కంపెనీ వేసింది, ఒప్పుకుంటాను. భాష తాళం మనమే వేసుకున్నాం. పెనుకొండ మండలం ఎర్రమంచిలో, మాకు గంటన్నర దూరంలో, 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో మొదలైన కియా ఫ్యాక్టరీ అది. 2023 కల్లా అక్కడినుంచి పది లక్షల బండ్లు బయటికొచ్చాయి. మన పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి, దాన్ని తక్కువ చేయను. అనంతపురంలో ఇంజినీరింగ్ కాలేజీకి స్వాతంత్ర్యం నాటి చరిత్ర ఉంది, అదే ఇప్పటి జేఎన్‌టీయూ. ఇన్ని ఉన్న నేల మీద, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ ఈసీఎం అంటే ఏమిటో, ఆక్సిజన్ సెన్సర్ ఎందుకు పాడవుతుందో, డీజిల్ బండి పొగలో మసిని పట్టే ఫిల్టరు డీపీఎఫ్ ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులు తిరిగితే ఎందుకు మూసుకుపోతుందో తెలుగులో చెప్పే ఒక మంచి పుస్తకం నాకు షాపులో దొరకలేదు. 2020 ఏప్రిల్లో పొగ కాలుష్యం మీద బీఎస్6 నిబంధన వచ్చింది, బండి స్వరూపమే మారిపోయింది. పదో తరగతితో ఆపేసి షెడ్డులో చేరిన పిల్లవాడికి ఆ మార్పు ఎవరూ చెప్పలేదు. వాడు యూట్యూబులో హిందీ వీడియోలు చూసి నేర్చుకుంటున్నాడు. మాతృభాషలో చదువు గురించి సభలు పెట్టేవాళ్లు కథలు, పద్యాల దగ్గరే ఆగిపోతున్నారు. యంత్రం తెలుగు మాట్లాడని చోట తెలుగు బతికిందని ఎలా అనుకుంటాం?

ఐటీఐలో మోటార్ మెకానిక్ కోర్సు రెండేళ్లు. అందులో చేరే తీరిక ఇప్పటికే షెడ్డు నడుపుతున్న నలభై ఏళ్ల మనిషికి ఉండదు. ఆయనకు కావలసింది పది రోజుల కోర్సు, తెలుగులో, చేతికి స్కానరిచ్చి. దీనికి నమూనా మా దగ్గరే ఉంది. గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ రైతులకు ట్రాక్టరు నడపడం, బాగుచేసుకోవడం నేర్పుతోంది. ట్రాక్టరుకు చేయగలిగింది కారుకు ఎందుకు చేయలేం? జేఎన్‌టీయూ ల్యాబ్ ఆదివారాలు తెరిస్తే చాలు. ఇంజెక్టర్ కోడింగ్, ప్యాడ్లు మార్చే వీలుకోసం ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకును సర్వీస్ మోడ్‌లో పెట్టడం, తాళంచెవి ప్రోగ్రామింగ్, ఈ మూడూ నేర్పినా వందల షెడ్లు నిలబడతాయి. కానీ చట్టం లేకుండా సాఫ్ట్‌వేర్ రాదు, సాఫ్ట్‌వేర్ లేకుండా ఈ కోర్సుకు అర్థం లేదు. కాబట్టి మన ఎంపీలను అడగాల్సింది ముందు చట్టమే.

మా మెకానిక్ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది, ఆయిలు మరకలతో అట్ట నల్లబడింది. స్కానర్‌లో వచ్చిన ప్రతి కోడ్‌నూ, దాని అర్థాన్నీ అందులో తెలుగులో రాసుకుంటాడు. "పి0301, ఒకటో సిలిండర్ మిస్సింగ్, ముందు ప్లగ్గు, కాయిల్ చూడాల." "పి0171, గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువ, పైపు లీకు చూడాల." పి0తో మొదలయ్యేవి అన్ని కంపెనీలకూ ఒకటే కాబట్టి ఆ పేజీలు నిండిపోయాయి. పి1తో మొదలయ్యేవి ఏ కంపెనీకా కంపెనీ పెట్టుకున్న కోడ్‌లు. వాటికోసం నోట్‌బుక్ చివర ఇరవై పేజీలు విడిగా ఉంచాడు. మొన్న తిరగేసి చూశాను. ఎడమవైపు కోడ్, తేదీ ఉన్నాయి. అర్థం రాయాల్సిన చోట చాలా వరుసల్లో ఒకే మాట ఉంది: "షోరూంకు పంపినా."