ఆర్నాల్డ్ ఉత్తరాలు: కోట చేతికి రాకముందే బేరం

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న రోజులు. 1779 మే 5న అమెరికన్ జనరల్ బెనెడిక్ట్ ఆర్నాల్డ్, తన మీదున్న ఆరోపణల గురించి సర్వసేనాని జార్జ్ వాషింగ్టన్‌కి ఓ ఉత్తరం రాశాడు. నేను నేరస్తుణ్నని మీకనిపిస్తే వెంటనే విచారణ జరిపించండి, తప్పు తేలితే చంపేయండి అని. చదివితే జాలేస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఫిలడెల్ఫియాలో గాజు, పింగాణీ సామాన్లమ్మే ఒక వ్యాపారి ద్వారా న్యూయార్క్‌లోని బ్రిటిష్ సైన్యానికి 'మీవైపు వస్తా' అని కబురు కూడా పంపాడు.

అతనికి అన్యాయం జరగలేదని కాదు. 1777లో తనకన్నా జూనియర్లు ఐదుగురికి అమెరికన్ కాంగ్రెస్ (అప్పటి ప్రతినిధుల సభ) ప్రమోషన్లిచ్చి ఇతన్ని పక్కనపెట్టింది, ఆ ఏడాదే సరటోగా యుద్ధంలో కాలు నుజ్జయింది. ఇంత జరిగాక రాజీనామా చేసి ఇంటికెళ్లిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

కానీ బ్రిటిష్ సేనాని హెన్రీ క్లింటన్ కాగితాలు, ఇప్పుడు మిషిగన్ యూనివర్సిటీలోని క్లెమెంట్స్ లైబ్రరీలో ఉన్నవి, చూస్తే కోపం కంటే లెక్కలే ఎక్కువ కనిపిస్తాయి. ఆర్నాల్డ్ రాసింది అంకెల్లో. ఒక్కో మాటకి మూడు అంకెలు: ఇద్దరి దగ్గరా ఉన్న ఒకే పుస్తకంలో ఏ పేజీ, ఏ వరుస, ఎన్నో మాట. ఒక ఉత్తరంలో అయితే భార్య పెగ్గీ రాసిన మామూలు వాక్యాల మధ్య ఇతని అంకెల వరుసలు దూరి ఉంటాయి. 1780 జులై 15 నాటి ఉత్తరంలో ఇతనడిగిన రేటు, అమెరికన్ల వెస్ట్ పాయింట్ కోటని అప్పగించడానికి 20,000 పౌండ్లు. అది చవకే అని కూడా అన్నాడు! అప్పటికి కోట ఇతని చేతికి రానే లేదు, ఆగస్టులో వచ్చింది.

సెప్టెంబర్‌లో బ్రిటిష్ మేజర్ ఆండ్రే మేజోళ్లలో ఆర్నాల్డ్ ఇచ్చిన కోట కాగితాలతో అమెరికన్లకి దొరికిపోయాడు. ఆర్నాల్డ్ బ్రిటిష్ ఓడెక్కి తప్పించుకుని, అక్కణ్నుంచే వాషింగ్టన్‌కి మళ్లీ రాశాడు: నేను చేసిందంతా దేశం మీద ప్రేమతోనే, నా భార్య దేవతంత అమాయకురాలు. కండువా మార్చిన మర్నాడు మన ఎమ్మెల్యేలు 'నియోజకవర్గ అభివృద్ధి కోసమే' అంటారు చూడండి, అచ్చం అదే.

ఆండ్రేని అక్టోబర్ 2న ఉరితీశారు. కోట దక్కలేదు కాబట్టి ఆర్నాల్డ్‌కి దాదాపు 6,000 పౌండ్లే ముట్టాయి. యుద్ధమయ్యాక ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగం అడిగాడు. అప్పటికే మన కోస్తా సర్కార్లు ఆ కంపెనీ చేతిలో ఉన్నాయి. మీ నడవడిక మీద నాకు అనుమానం లేదు గానీ జనం అలా అనుకోవట్లేదని కంపెనీ తరఫున జార్జ్ జాన్‌స్టన్ జవాబు రాసి, సున్నితంగా తలుపేసేశాడు.