‘పెట్టి పుట్టాలి’ అంట!

ఇంకా కాఫీ కూడా తాగలేదు నేను. ఫ్యామిలీ గ్రూపులో మా పిన్ని పొద్దున్నే ఓ వీడియో పడేసింది. వెనకాల వయొలిన్, ముందు కోటంత ఇల్లు, నెత్తిన వజ్రాల కిరీటంతో ఓ తెల్లపిల్ల, కింద ‘కోటీశ్వరుడి కూతురు రాచకుటుంబపు కోడలైన వేళ’ అని బంగారు రంగు అక్షరాలు. దాని కింద పిన్ని వ్యాఖ్య: ‘పెట్టి పుట్టాలి.’ అంతే, వరసగా దండాలు, గులాబీలు. మేనత్త ఇంకో మెట్టు ఎక్కి ‘అత్తారిల్లంటే అదీ’ అని రాసింది.

ఆ పిల్ల ఎవరో వీళ్ళలో ఒక్కరికైనా తెలుసా? కాన్సువేలో వాండర్‌బిల్ట్. న్యూయార్క్‌లో ఓడల మీదా రైళ్ళ మీదా లెక్కపెట్టలేనంత సంపాదించిన వాండర్‌బిల్ట్ గారి మునిమనవరాలు. 1895 నవంబరు 6న న్యూయార్క్ సెయింట్ థామస్ చర్చిలో ఇంగ్లండు వాడైన తొమ్మిదో మార్ల్‌బరో డ్యూక్‌కి, అంటే అక్కడి ప్రభువుల్లో అన్నిటికన్నా పెద్ద బిరుదున్నవాడికి, ఇచ్చి పెళ్ళి చేశారు. పిల్లకి అప్పటికి 18 ఏళ్ళు. పెళ్ళికూతురు చర్చికి ఆలస్యంగా వచ్చింది. ముస్తాబు కాక కాదండీ. పొద్దుట్నుంచీ గదిలో కూర్చుని ఏడ్చింది. ఆ కళ్ళవాపు తగ్గాలిగా మరి! లోపలికి ఎవరూ వెళ్ళకుండా గది బయట నౌకరుని కాపలా పెట్టారు. ఈ సీను వీడియోలో లేదు. వయొలిన్‌కి నప్పలేదేమో.

ఆ పిల్లకి ఇష్టమైనవాడు వేరే ఉన్నాడు. విన్‌త్రాప్ రూథర్‌ఫర్డ్ అని న్యూయార్క్ కుర్రాడే. ఇద్దరూ చాటుగా మాట ఇచ్చుకున్నారు. తల్లి ఆల్వాకి తెలిసింది. న్యూపోర్ట్‌లో పాలరాతి మేడలో పిల్లని కట్టడి చేసింది, ఉత్తరాలు ఆపేసింది, వాణ్ణి కాల్చి పారేస్తానంది. అయినా పిల్ల మెత్తబడకపోతే గుండెనొప్పి అని మంచమెక్కింది. నువ్వు ఒప్పుకోకపోతే మీ అమ్మ దక్కదు అని పక్కవాళ్ళ చేత చెప్పించారు. అయ్యయ్యో, ఈ గుండెనొప్పి విద్య మన ఇళ్ళలోనే పుట్టిందని ఇన్నాళ్ళూ గర్వంగా ఉండేదాన్ని. సముద్రాల అవతల కూడా ఇదే వైద్యం!

ఈ ఆల్వా సంగతి వేరే పోస్టు రాయాలి అసలు. చిన్నప్పుడు కూతురు వంగి కూర్చోకూడదని వీపుకి ఇనప కడ్డీ కట్టి పాఠాలు చదివించింది. తను మొగుడి దగ్గర విడాకులు తీసుకున్నదీ 1895లోనే, కూతుర్ని ఈ పెళ్ళిలోకి నెట్టిందీ 1895లోనే. విడాకుల వల్ల పోయిన పరువు డ్యూక్ అల్లుడితో తిరిగి రావాలి కదా. ఆ తర్వాత ఈవిడే ఆడవాళ్ళకి ఓటుహక్కు కావాలని లక్షల డాలర్లు ఖర్చుపెట్టి ఉద్యమం నడిపింది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ హక్కు కావాలి, ఇంట్లో పిల్లకి మాత్రం నోరు ఉండకూడదు. ఇలాంటివాళ్ళు మీకు గుర్తొస్తున్నారా? నాకు ముగ్గురు గుర్తొచ్చారు, ఒకావిడ నా ఫ్రెండ్స్ లిస్టులోనే ఉంది.

సరే, లెక్కలకొద్దాం. పెళ్ళికొడుక్కి ముట్టింది 25 లక్షల డాలర్లు. అదీ బీచ్ క్రీక్ రైల్వే కంపెనీ షేర్ల రూపంలో, 50 వేల షేర్లు, వాటి మీద ఏటా 4 శాతం తగ్గకుండా వస్తుందని న్యూయార్క్ సెంట్రల్ రైల్‌రోడ్ పూచీ. డ్యూక్ గారు బతికున్నన్నాళ్ళూ ఆ రాబడి ఆయనదే. అది 1895 నాటి డాలర్లండీ బాబూ! దీన్ని వాళ్ళు కట్నం అనరు, ‘సెటిల్‌మెంట్’ అంటారు. అక్కడికి పాపం పోయినట్టే! మన దగ్గర 1961లో చట్టం వచ్చాక మనమూ తెలివిమీరి ‘పిల్ల పేరు మీదే పెడతాం లెండి’ అంటున్నాంగా.

ఇంతకీ ఆ వీడియోలో కోట ఉంది చూశారూ, బ్లెన్‌హైమ్ ప్యాలెస్, ఆక్స్‌ఫర్డ్ దగ్గర. పైకి కోటే, లోపల అప్పులు. పెళ్ళికొడుకు తాత ఇంట్లో తరతరాల రత్నాలు అమ్మాడు, ఆ తర్వాత పుస్తకాలు అమ్మాడు. తండ్రి రఫాయెల్ గీసిన మడోన్నా చిత్రాన్ని 1885లో 70 వేల పౌండ్లకి లండన్ నేషనల్ గ్యాలరీకి అమ్మాడు. అదీ చాలక 1888లో న్యూయార్క్‌కి చెందిన డబ్బున్న వితంతువుని చేసుకుని, ఆవిడ సొమ్ముతో ఇంటి కప్పు బాగుచేయించాడు. మనవడి వంతు వచ్చేసరికి అమ్మడానికి మిగిలింది పేరు ముందున్న బిరుదొకటే. అదీ అమ్మేశాడు. మనసులో వేరే అమ్మాయి ఉందని, ఇంటికోసమే నిన్ను చేసుకున్నానని పెళ్ళయ్యాక పిల్లకి చెప్పాడట కూడా. నిజాయితీపరుడు!

మేనత్తగారు మెచ్చుకున్న ఆ ‘అత్తారిల్లు’ గురించి ఆ పిల్లే ముసలితనంలో రాసుకుంది. రాత్రి భోజనానికి ఇద్దరే కూర్చునేవాళ్ళు. ఆయన కంచంలో అన్నీ వడ్డించుకుని, కంచం పక్కకి నెట్టేసి, వేలికున్న ఉంగరం తిప్పుకుంటూ ఏదో ఆలోచనలో పడేవాడు. మాటా పలుకూ లేదు. ఈవిడకి తోచక అల్లిక పని పెట్టుకుని కూర్చునేది. తలుపవతల బట్లరు డిటెక్టివ్ నవలలు చదువుకునేవాడు. ఆ ఇంట్లో సుఖపడిందెవరైనా ఉంటే ఆ బట్లరే.

డ్యూక్ గారి నానమ్మ ఉంది ఇంకా. కొత్త కోడల్ని చూడగానే, నీ మొదటి పని బిడ్డని కనడం, అదీ మగబిడ్డే కావాలి, లేకపోతే ఆ మిడిసిపాటు విన్‌స్టన్ గాడు డ్యూక్ అయిపోతాడు అంది. ఆ విన్‌స్టన్ ఎవరనుకున్నారు, చర్చిలే. తన సొంత మనవడే! అప్పటికి వారసుల వరసలో వాడే ముందున్నాడు. 1943లో బెంగాల్ కరువుతో చస్తుంటే ఇంగ్లండు ప్రధానిగా ఉన్నవాడి గురించి ఆ ముసలమ్మకి అప్పుడే తెలిసిపోయిందేమో. ఆవిడ నాకు నచ్చింది ఆ ఒక్క మాటకే. 1897లో ఒక మగపిల్లాడు, 1898లో ఇంకో మగపిల్లాడు. పని అయిపోయింది. 1906కల్లా ఎవరి దారి వాళ్ళది.

ఇక్కడే నాకు కాలింది. బ్లెన్‌హైమ్ కప్పు గురించి చదువుతుంటే మా అక్క అత్తారింటి స్లాబు గుర్తొచ్చింది. నాన్న రెండెకరాలు అమ్మారు, మాగాణి, బోరున్న పొలం. ‘పిల్ల పేరు మీదే ఉంటుంది’ అన్న డబ్బు మూడు నెలల్లో వాళ్ళ పై అంతస్తుకి స్లాబైంది. లాంఛనాలు వేరే, ఆడపడుచు కట్నం వేరే. అక్క ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో ఆగిపోయింది. బావగారు కూడా భోజనం దగ్గర మాట్లాడరు, టీవీ చూస్తారు. అక్కకి అల్లిక రాదు కాబట్టి ఫోను చూసుకుంటుంది. ఇది చదువుతుంది కూడా. చదవనీ.

ఆ సంబంధం తెచ్చిందెవరో చెప్పుకోండి చూద్దాం. ‘పెట్టి పుట్టాలి’ అని అప్పుడు కూడా ఇదే మాట అంది, ఇవే అయిదు అక్షరాలు, ఒక్కటీ తగ్గకుండా.

కాన్సువేలో 1921లో విడాకులు తీసుకుని జాక్ బల్సాన్ అనే ఫ్రెంచి విమానయానవీరుణ్ణి చేసుకుంది. 1956లో ఆయన పోయేదాకా కలిసే ఉన్నారు. అయితే ఈ రెండో పెళ్ళిని క్యాథలిక్ చర్చి ఒప్పుకోవాలంటే ఆ మొదటి పెళ్ళి చెల్లదని తేలాలి. అందుకు సాక్ష్యం కావాలి. అప్పుడు ఆ ఆల్వా, 70 దాటిన మనిషి, నా కూతుర్ని నేనే బలవంతపెట్టాను, దానికి వేరే దారి లేకుండా చేశాను అని ఒప్పుకుంది. 1926లో పెళ్ళి రద్దయింది. ముప్పై ఏళ్ళు పట్టింది, కానీ నోరు విప్పింది. ఇనప కడ్డీ కట్టిన రాక్షసి కూడా విప్పింది!

మా ఇంట్లో అయితే ‘దానికేం తక్కువ, మహారాణిలా ఉంది’. పోయిన సంక్రాంతికి కూడా అదే మాట, అక్క ముందే, అరిసెలు నంజుకుంటూ. అక్క నవ్వి ఊరుకుంది. నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఇదంతా గ్రూపులో టైపు చేశాను. మూడుసార్లు చెరిపేసి ఇక్కడ పెడుతున్నాను. గ్రూపులోంచి బయటికి వచ్చేయమని మా ఆయన అంటున్నారు. ఎలా వస్తాను? బాబాయి షష్టిపూర్తి భోజనాల్లో పులిహోరా కొబ్బరన్నమా అన్నది ఇంకా అక్కడే తేలాలి.